న్యూట్రాన్ పెద్దరికం

నాచారం,
11 ఆగస్టు 1974.

చిరంజీవి ఉమామహేశ్వర్‌ను దీవించి మీ మామ పాండురంగ రాస్తున్న సంగతులు.

ఇక్కడ అందరం బాగానే ఉన్నాం. మీ అమ్మకు మోకాళ్ల నొప్పి అట్లాగే ఉంది. "నొప్పి సంగతి రాయకు తమ్మీ, పోరడు ఫికర్ జేస్తడు" అని నా పక్కనే కూర్చుని చెబుతోంది. చదవడం రాదు కాబట్టి నేనేం రాశానో ఆమెకు తెలియదు. నాలుగు రోజుల నుంచి నల్లా రాక మీ అత్త తారామణి వీధిలో అందరితోనూ తగువు పెట్టుకుంది. నీళ్లు రాలేదు గానీ తగువులో మాత్రం గెలిచింది.

అసలు సంగతికి వస్తాను. దీనితో పదకొండు పేజీలు జత చేశాను. నువ్వు బి.ఎస్సీ.లో చదివి ఇంట్లో వదిలేసిన కెమిస్ట్రీ పుస్తకం మూడోసారి పూర్తి చేశాను. ఇంగ్లీషు అడ్డం వచ్చిన చోటల్లా మల్కాజిగిరి స్కూలు మాస్టరు చేత అర్థం చెప్పించుకున్నాను. రెండు పరమాణువులు కలవాలంటే చెరొక ఎలక్ట్రాను ఇచ్చి, ఆ జంటను ఇద్దరూ పంచుకుంటారని అందులో రాశారు. నాకు ఇక్కడే ముద్ద దిగడం లేదు. ఎలక్ట్రానూ ఎలక్ట్రానూ ఎదురుపడితే ఒకదాన్నొకటి తోసుకుంటాయని అదే పుస్తకం ముప్పై పేజీల ముందు చెప్పింది. ఒకరి ముఖం ఒకరు చూడని ఆ ఇద్దరూ రెండు ఇళ్లను ఎట్లా కలుపుతారు? ప్రోటాన్ల సంగతీ అంతే. ఇక మిగిలింది న్యూట్రాను. దానికి ఈ పక్షమూ లేదు, ఆ పక్షమూ లేదు. రెండు ఇళ్ల మధ్య మాట కుదర్చాలంటే మనం ఎవరిని పిలుస్తాం? ఏ పక్షమూ కాని పెద్దమనిషినే కదా.

కాబట్టి న్యూట్రాన్లు కొన్ని ఇంట్లో ఉండి ప్రోటాన్లను సర్దుతాయి. కొన్ని గడప దాటి పక్కింటి పరమాణువును పట్టుకుంటాయి. కార్బన్‌లో ఆరు ఉంటే నాలుగు బయటికి వెళతాయి, అందుకే దానికి నాలుగు బంధాలు. హైడ్రోజన్‌కు న్యూట్రాను లేదు కాబట్టి అవతలివాడి న్యూట్రానును పట్టుకుని ఒక్క బంధంతో బతుకుతుంది. అన్నింటికీ లెక్క చూపించాను. గాజు ఊదే పనిలో ఇరవై రెండేళ్లు రెండు గొట్టాలు ఎట్లా అతుకుతాయో, ఎందుకు అతకవో చూసినవాణ్ణి. ఊరికే రాయలేదు.

మీ సార్ గోపాలరావు గారికి చూపించు. ఆయన ఏమన్నారో ఉన్నది ఉన్నట్టు రాయి. మా షెడ్డుకు ఫ్లాస్కుల కోసం వచ్చే సైంటిస్టు ఒకాయన రెండు పేజీలు తిరగేసి, "బహుత్ ఖూబ్" అని నవ్వి చేతిలో పెట్టాడు. ఆ నవ్వు నాకు బాగా అనిపించలేదు.

ఉంటాను. వేళకు తిను.
మీ మామ,
పాండురంగ


వాల్తేరు,
24 ఆగస్టు 1974.

మామకు నమస్కారాలు.

నీ ఉత్తరం, పేజీలు అందాయి. జవాబు ఆలస్యమైంది, ఏమనుకోకు. థీసిస్ టైపు చేయిస్తున్నాను. టైపిస్టు ఒక తప్పు దిద్దితే రెండు కొత్తవి పుట్టిస్తున్నాడు. గుంటూరు జిల్లాలో ఒక కాలేజీవాళ్లు జనవరి నుంచి లెక్చరరు ఉద్యోగం ఇస్తామన్నారు. అయితే నవంబరు పదిహేను లోపల నేను థీసిస్ ఇచ్చినట్టు కాగితం చూపించాలి. దానికి ముందు సార్ సంతకం పెట్టాలి. ఆయన కామాలు కూడా లెక్కపెట్టే మనిషి. ఈ రెండున్నర నెలలు ఎట్లా గడుస్తాయో తెలియడం లేదు, మామా.

నీ సిద్ధాంతం చాలా బాగుంది. ఎంత కష్టపడ్డావో తెలుస్తోంది. సార్‌కు కూడా చూపించాను. చూసి, బాగుందన్నారు.

అమ్మను మోకాళ్లకు నువ్వుల నూనె రాసుకోమను. అత్తకు నమస్కారాలు.

నీ మేనల్లుడు,
ఉమామహేశ్వర్


నాచారం,
15 సెప్టెంబరు 1974.

చిరంజీవి ఉమామహేశ్వర్‌కు మామ వేయి దీవెనలు.

నీ ఉత్తరం జేబులో పెట్టుకుని తిరిగీ తిరిగీ మడతల దగ్గర చిరిగింది. మీ అమ్మకు నాలుగుసార్లు చదివి వినిపించాను. ఐదోసారి తనే నాకు అప్పజెప్పింది. షెడ్డులో కూడా చదివాను. కనకరాజు తెలుసు కదా, నా పక్క బర్నరు మీద గాజు కండెన్సర్లు చేస్తాడు. మంట ఆపి మరీ విన్నాడు. "ఏంది పాండన్నా, వాల్తేర్ల పెద్దసారే బాగుందన్నడా? ఇగ జూడు, గా నవ్విన సార్లు ఏం జేస్తరో!" అన్నాడు. ఉమా, నా నలభై ఎనిమిదేళ్లలో చదువుకున్నవాళ్లు నాతో పని సంగతి తప్ప ఇంకో సంగతి మాట్లాడలేదు. ఆ రోజు షెడ్డులో ఛాతీ ఉబ్బి చొక్కా గుండీలు తెగుతాయేమోననిపించింది.

నువ్వు థీసిస్ హడావిడిలో ఉన్నావు కాబట్టి అచ్చు పని నేనే చూసుకుంటున్నాను. అంబర్‌పేటలో చిదంబరం ప్రెస్సుకు ఇచ్చాను. వాడు వేసేవన్నీ పెళ్లి కార్డులే. అందుకని అట్ట చుట్టూ అరటి చెట్లు, మామిడి తోరణాలు వచ్చాయి. వేరే బార్డరు వాడి దగ్గర లేదు. పైన 'పరమాణువుల పొత్తు: న్యూట్రాన్ పెద్దరికం' అని ఉంటుంది. కింద 'ఆమోదించిన పెద్దలు: డాక్టర్ గోపాలరావు గారు, వాల్తేరు' అనీ, 'తోడ్పడినవారు: మేనల్లుడు ఉమామహేశ్వర్, ఎం.ఎస్సీ.' అనీ వేయిస్తున్నాను.

"సారును అడిగినవా?" అన్నాడు చిదంబరం. "నీ బిడ్డ పెండ్లి కార్డు మీద మా అందరి పేర్లు ఏసినవ్. ఒక్కలనన్న అడిగినవా?" అన్నాను. అక్షరాలు కూర్చడం మొదలుపెట్టాడు. పెద్దల పేర్లు వేయడానికి అడగడమేమిటి? అడిగితే పరాయివాళ్లను చేసినట్టు, వేయకపోతే అవమానించినట్టు.

అక్టోబరు ఆరో తేదీ ఆదివారం ఉప్పల్ లైబ్రరీలో నన్ను మాట్లాడమన్నారు. మీ అత్త నా తెల్ల చొక్కాకు ఇప్పటి నుంచే గంజి పెట్టి కూర్చుంది.

పొంగిపోతున్న మీ మామ,
పాండురంగ


వాల్తేరు,
24 సెప్టెంబరు 1974.

మామా,

నీ ఉత్తరం ఇప్పుడే వచ్చింది. నిలబడే రాస్తున్నాను. అట్ట మీద సార్ పేరు వేయొద్దు. నా పేరూ వద్దు. ప్రూఫులోనే తీసేయించు. అచ్చు అయిపోతే పుస్తకాలు ప్రెస్సులోనే ఉంచు, ఎవ్వరికీ పంపకు. ముఖ్యంగా ఇక్కడికి పంపకు. సార్‌కు తన పేరు ఇట్లా బయటికి రావడం ఇష్టం ఉండదు. మిగతా కారణం వచ్చినప్పుడు చెబుతాను.

నా మాట విను, మామా. అందగానే ఒక్క ముక్క రాయి.

ఉమ


నాచారం,
2 అక్టోబరు 1974.

చిరంజీవి ఉమామహేశ్వర్‌ను దీవించి రాయునది.

నీ ఉత్తరం మొన్న సాయంత్రం అందింది. అప్పటికి పుస్తకాలు అచ్చయి రెండు రోజులైంది. కాలేజీలకు బుక్‌పోస్టులో వెళ్లిపోయాయి కూడా.

నువ్వు అసలు కారణం రాయలేదు. రాయకపోయినా మీ మామ అంత అమాయకుడేం కాదు. ఆగస్టులో బాగుందన్న పెద్దమనిషి సెప్టెంబరులో పేరు వేయొద్దు, పుస్తకం పంపొద్దు అంటున్నాడంటే, మధ్యలో ఏదో జరిగింది. కనకరాజు కూడా అదే అన్నాడు. "జర పైలం అన్నా. పెద్ద పెద్దోళ్లు గిట్లనే మంది తెలివిని తమ పేరు మీద రాసుకుంటరట" అన్నాడు. నువ్వు ఆయన చేతి కింద ఉన్నావు కాబట్టి బయటికి చెప్పలేవు. నీ ఇబ్బంది నాకు అర్థమైంది. అందుకే నిన్ననే ఆయన పేర పుస్తకం రిజిస్టరు పోస్టులో పంపాను. తేదీ పడి ఉంటుంది, రేపు ఇది నాదని ఎవరూ కాదనలేరు. లోపల మర్యాదగానే నాలుగు ముక్కలు రాశాను. 'మా మేనల్లుడి ద్వారా తమరు నా సిద్ధాంతం చూసి బాగుందన్నారని తెలిసి ధన్యుణ్ణయ్యాను' అని. అంతకన్నా ఒక్క మాట ఎక్కువ రాయలేదు.

నువ్వు భయపడకు. నీకు థీసిస్ ఎంతో నాకు ఇది అంత. రెండింటినీ కాపాడుకుందాం.

మీ మామ,
పాండురంగ


వాల్తేరు,
14 అక్టోబరు 1974.

మామకు,

ఈ ఉత్తరం నువ్వు ఒక్కడివే చదువు. అమ్మకు వినిపించకు.

శుక్రవారం సార్ నన్ను గదిలోకి పిలిచారు. బల్ల మీద నీ పుస్తకం, పక్కన నీ చీటీ ఉన్నాయి. "ఇదేమిటయ్యా? ఈ అరటి చెట్ల మధ్య నా పేరేమిటి? నేనిది ఎప్పుడు చూశాను, ఎప్పుడు బాగుందన్నాను? నువ్వు రాశావా ఆయనకి?" అని అడిగారు.

మామా, నేను ఆయనకు నీ పేజీలు చూపించలేదు. అసలు నేనే చదవలేదు. నీ ఉత్తరం వచ్చిన రోజు టైపిస్టు మూడో అధ్యాయం పాడు చేశాడు. పేజీలు కవరుతో సహా పెట్టెలో పడేశాను. పది రోజుల తర్వాత జవాబు రాయాల్సి వచ్చి, నువ్వు సంతోషిస్తావని బాగుందని రాశాను. సార్ మాట కూడా నేను కల్పించిందే. ఒక్క పంక్తి. దానితో పోతుందనుకున్నాను.

అది కూడా సార్‌కు చెప్పలేదు. "రాయలేదండీ. మామ పొరబడ్డాడు" అన్నాను. నోట్లోంచి అట్లా వచ్చేసింది. "అయితే ఆయన చేతే ఆ ముక్క రాయించు. నేను చూడలేదని, ఒప్పుకోలేదని నాకు కాగితం మీద కావాలి. అందాకా నీ థీసిస్ మీద సంతకం పెట్టను" అన్నారు. నవంబరు పదిహేను దాటితే ఆ ఉద్యోగం వేరే ఎవరికో పోతుంది. నేను చేసిన తప్పు నీ తలకెత్తుతున్నానని తెలుసు. అడగడానికి ముఖం లేదు, అయినా అడుగుతున్నాను. ఆయనకు ఒక ఉత్తరం రాయి, మామా. తప్పంతా నీదేనని రాయి.

శనివారం హాస్టల్లో కూర్చుని నీ పదకొండు పేజీలు చదివాను. ఇప్పుడైనా నిజం రాయాలి. సిద్ధాంతం తప్పు. రెండు హైడ్రోజన్ పరమాణువులు ఒకదాన్నొకటి గట్టిగా పట్టుకునే ఉంటాయి. ఇద్దరి దగ్గరా న్యూట్రాను లేదు. మరి అక్కడ పెద్దమనిషి ఎవరు? ఇంకొకటి, మన వంటింట్లో ఉప్పు. అందులో సోడియంతో క్లోరిన్ కలిసి ఉంది. క్లోరిన్ పరమాణువులు రెండు రకాలు. ఒక రకంలో పద్దెనిమిది న్యూట్రాన్లు, ఇంకో రకంలో ఇరవై. రెండూ సోడియంతో ఒకే తీరుగా కలుస్తాయి. అత్త ఉప్పు డబ్బాలో రెండు రకాలూ ఉన్నాయి. న్యూట్రాన్లే కలిపేట్టయితే ఆ రెండింటికీ తేడా ఉండాలి కదా. న్యూట్రాను మధ్యన ఉండి సర్దుతుందన్నావే, ఆ మాట కేంద్రకం లోపల చాలావరకు నిజమే. బయట కాదు.

ఏడో పేజీలో ఆక్సిజన్ లెక్క దగ్గర నువ్వు పెన్సిలుతో 'ఇక్కడ అనుమానం, చూడు' అని రాసి పెట్టావు. నీ అనుమానం సరైనదే. ఎనిమిదింటిలో రెండే బయటికి ఎందుకు వెళ్లాలో నీ దగ్గర కారణం లేదు. నన్ను నమ్మి నువ్వు అడిగిన ఆ మాట రెండు నెలలుగా పెట్టెలో పడి ఉందని అప్పుడు తెలిసింది.

కానీ తోసుకునే రెండు ఎలక్ట్రాన్లు ఎట్లా కలుపుతాయన్న నీ ప్రశ్న తప్పు కాదు. నేను ఎం.ఎస్సీ.లో దానికి జవాబు కంఠస్థం చేశాను, ఎప్పుడూ అడగలేదు. రెండు కేంద్రకాల మధ్య ఉన్నప్పుడు ఆ ఎలక్ట్రాన్లను ఇటువాడూ లాగుతాడు, అటువాడూ లాగుతాడు. ఆ లాగుడు ముందు వాటి తోపులాట చిన్నది. నాకు తెలిసినంతలో ఇదీ సంగతి.

ఏ శిక్ష వేసినా పడతాను.
ఉమ


వాల్తేరు,
4 నవంబరు 1974.

మామకు నమస్కారాలు.

నేను రాసి ఇరవై రోజులైంది, నీ నుంచి ఉత్తరం లేదు. రోజూ పోస్టు వచ్చే వేళకు హాస్టల్ గేటు దగ్గర నిలబడుతున్నాను. నీ ఒంట్లో బాగుందా? అమ్మకు ఏమైనా తెలిసిందా?

మొన్న సార్ పిలిచారు. నువ్వు రాసిన ఉత్తరం ఆయన చేతిలో ఉంది. నాకు చూపించలేదు. రెండుసార్లు చదువుకుని సొరుగులో పెట్టారు. "ఇంత మర్యాదగా తప్పు ఒప్పుకున్న ఉత్తరం నేనింతవరకూ చూళ్లేదయ్యా. నువ్వు అదృష్టవంతుడివి" అన్నారు. థీసిస్ మీద సంతకం పెట్టారు. నిజం చెప్పేయాలని నోటిదాకా వచ్చింది. సంతకం ఆరేదాకా చూసి, కాగితాలు తీసుకుని బయటికి వచ్చేశాను.

ఏం రాశావు మామా? నాకు తిట్టయినా రాయి.

ఉమ


నాచారం,
10 నవంబరు 1974.

చిరంజీవి ఉమామహేశ్వర్‌ను దీవించి మామ రాయునది.

అందరం బాగున్నాం. మీ అమ్మకు ఏమీ తెలియదు. పోస్టు వచ్చిందని తెలుసు కాబట్టి "ఏం రాసిండు పోరడు?" అని రెండు రోజులు అడిగింది. నువ్వుల నూనె గురించి మళ్లీ రాశావని చెప్పాను. ఆ పూటే నూనె వేడి చేసుకుంది.

మీ సార్‌కు ఏం రాశానని అడిగావు. 'అయ్యా, మా దగ్గర పెళ్లి కార్డు మీద పెద్దల పేర్లు అడగకుండానే వేస్తాం. ఆ అలవాటుతో తమ పేరు వేశాను. తమరు నా కాగితాలు చూడలేదు, ఆమోదించలేదు. బాగుందన్నారని మా పిల్లవాడు నాకు రాయలేదు, నేనే ఆశకొద్దీ అట్లా ఊహించుకున్నాను. వాడికి ఇందులో ఏమీ తెలియదు' అని రాశాను. మొదటి సగం నిజం. రెండో సగం కాదు. నేను అబద్ధాలు చెప్పలేదని అనను, షెడ్డులో సెలవు కోసం ఎన్నో చెప్పాను. కాగితం మీద రాసి సంతకం పెట్టడం మాత్రం ఇదే మొదలు. పోస్టు డబ్బాలో వేసి వచ్చాక మీ అత్త "గట్లున్నవేంది, జొరమొచ్చిందా?" అని నుదురు చూసింది.

ఉప్పల్ లైబ్రరీకి వెళ్లి పుస్తకాలు వెనక్కి తెచ్చాను. పోయిన నెల ఆరో తేదీన అక్కడ గంటసేపు మాట్లాడాను, చప్పట్లు కొట్టారు. లైబ్రేరియన్‌కు ఉప్పు సంగతి చెప్పి, తప్పని తేలింది, ఇచ్చేయమన్నాను. "ఉండనియ్ పాండన్నా, ఎవరు సదువుతరు" అన్నాడు. కాలేజీలకు తలా ఒక కార్డు రాశాను. కనకరాజుకు చెప్పడమే కష్టమైంది. రెండు రోజులు వాడి వైపు వీపు పెట్టి పని చేశాను. మూడో రోజు వాడే వచ్చి, "అన్నా, ఉప్పుల రెండు తీర్లున్నయా? నిజమేనా?" అని అడిగాడు. ఉన్నాయని చెప్పాను. వాడికి న్యూట్రాన్ పెద్దరికం కంటే అదే నచ్చింది.

సిద్ధాంతం తప్పయినందుకు నాకు అంత బాధ లేదు, ఉమా. ఊదిన గాజులో రోజూ ఎంతో కొంత పగులుతుంది, పక్కన పారేసి ఇంకోటి మొదలుపెడతాం. నన్ను కోసింది వేరే. ఆ కాగితాలు నీకు పంపిన రోజు నుంచి నీ ఉత్తరం వచ్చేదాకా నేను ఎట్లా ఉన్నానో నీకు తెలియదు. ఇక్కడ నవ్వినవాళ్లను ఏమీ అనుకోలేదు. వాళ్లు నావాళ్లు కాదు. ఇంట్లో చదువుకున్నవాడు ఒకడున్నాడు, వాడు చూస్తాడు అనుకున్నాను. నువ్వు తప్పని రాసి ఉంటే ఆగస్టులోనే ఆగేవాణ్ణి. నువ్వు చూడనేలేదు. ఆ మాట చదివినప్పుడు ఏడుపొచ్చింది. దాచుకోవడం ఎందుకు, షెడ్డు వెనక నిలబడి ఏడ్చాను.

ఆ తర్వాత శనివారం కూర్చుని పదకొండు పేజీలూ చదివానని రాశావు. ఆ ముక్క ఎన్నోసార్లు చదువుకున్నాను. నీ తప్పును ఆ శనివారం చెరిపేయదు. కానీ అంత వివరంగా నాకు ఎవరూ తప్పు చూపించలేదు. అటువాడూ ఇటువాడూ లాగుతారన్నావు. మరి ఆ మధ్యన రెండు ఎలక్ట్రాన్లే ఎందుకు, మూడో దానికి చోటెందుకు లేదు? పుస్తకంలో వెతికాను, అర్థం కాలేదు. తీరిక దొరికితే రాయి. దొరక్కపోతే దొరకలేదని రాయి.

మీ సార్‌కు నిజం చెప్పడం, చెప్పకపోవడం నీ ఇష్టం. నేను అడగను.

థీసిస్ అయ్యాక ఒక కాపీ నాకు పంపు. అందులో ఒక్క ముక్కా నాకు అర్థం కాదని తెలుసు. అయినా మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా ప్రతి అక్షరం చదువుతాను. చదవకుండా మాత్రం బాగుందని రాయను.

మీ మామ,
పాండురంగ